సెమిస్టరులో ఎనిమిదో వారం

సెమిస్టరు మొదటి వారంలో విద్యార్థి బల్ల మీద కొత్త నోటు పుస్తకాలుంటాయి. గోడ మీద రంగు సిరాతో గీసిన టైంటేబులు ఉంటుంది. చివరి వారంలో పరీక్షల భయం ఉంటుంది. ఆ భయమే కూర్చోబెట్టి చదివిస్తుంది. ఈ రెంటికీ నడుమ వచ్చే ఎనిమిదో వారాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కాని చదువు గాడి తప్పడమో, నిలదొక్కుకోవడమో జరిగేది సాధారణంగా అప్పుడే.

ఒకప్పుడు మన దేశంలో డిగ్రీ చదువంటే ఏడాది పొడుగునా పాఠాలు, చివర ఒక్క పరీక్ష. ఆ పద్ధతి క్రమంగా మారింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం డిగ్రీ కోర్సులన్నిటా 2011 నాటికి సెమిస్టరు పద్ధతిని ప్రవేశపెట్టింది. 2015లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం క్రెడిట్ల విధానాన్ని దేశమంతటికీ సూచించింది. ఆ సంఘం లెక్కలో సెమిస్టరంటే 15 నుంచి 18 వారాలు, 90 బోధన దినాలు. వారానికి ఒక గంట పాఠమైనా, రెండు గంటల ప్రయోగశాల పనైనా ఒక క్రెడిట్.

2018 నాటి నమూనా ప్రణాళికలో నాలుగేళ్ల ఇంజనీరింగుకు 160 క్రెడిట్లు. అంటే సెమిస్టరుకు సగటున 20. వాటిలో 14 పాఠాలకూ, 6 ప్రయోగశాలకూ పోయాయనుకుందాం. వారానికి 26 గంటలైంది. రాత్రికి ఏడు గంటల చొప్పున నిద్రకు 49. స్నానానికి, భోజనానికి, బట్టలుతుక్కోవడానికి 21. వారంలోని 168 గంటల్లో ఇంకా 72 మిగిలే ఉన్నాయి!

ఈ లెక్క చెబితే ఏ విద్యార్థి అయినా నవ్వుతాడు. ఆ గంటలు ఒకచోట కుప్పగా దొరకవు మరి. కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థిని సంగతే చూద్దాం. ఉదయం ఆరున్నరకు లేచి స్నానాల గది ముందు వరుసలో నిలబడాలి. ఇడ్లీలు అయిపోకముందే మెస్సు చేరుకోవాలి. 75 శాతం హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు కనుక, జ్వరం తగిలినా మొదటి గంటకు వెళ్లాలి. మధ్యాహ్నం ప్రయోగశాల. అబ్జర్వేషన్ పుస్తకం మీద లెక్చరరు సంతకం పెడితే గాని రికార్డు రాయడానికి వీలుండదు. అదే వారంలో మిడ్ పరీక్షలు, రెండు అసైన్‌మెంట్లు, ఒక సెమినారు. మధ్యలో దొరికిన అరగంటలను చేతిలోని ఫోను మింగేస్తుంది.

రాత్రి తొమ్మిదింటికి ఇంటి నుంచి పిలుపు.

“తిన్నావా తల్లీ?”

“తిన్నానమ్మా.”

“చదువెలా ఉంది?”

“బాగానే ఉంది.”

ఆ “బాగానే” వెనుక ఒక సబ్జెక్టులో మూడు అధ్యాయాలు చేజారిపోయి ఉండవచ్చు. అబద్ధమాడాలని ఆమె ఉద్దేశం కాదు. ఫీజు కోసం నాన్న చేసిన అప్పు గుర్తున్నప్పుడు నిజం నోటికి రాదు.

ఇక మిగిలేది రాత్రి. తరగతికీ, ప్రయోగశాలకూ హాజరుపట్టీ ఉంది, నిద్రకు లేదు. అందుకని కోత మొదట దాని మీదే పడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ప్రకటించిన ప్రయోగంలో, 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి మందగించింది. మన చట్టం వాహనం నడిపేవారికి విధించిన హద్దు 0.03 శాతమే! ఉదయం ఆరున్నరకు లేచిన విద్యార్థినికి ఆ 17 గంటలు నిండేది రాత్రి పదకొండున్నరకు. సరిగ్గా ఆమె రికార్డు తెరిచే వేళకు.

మెలకువతో గడిపిన ఆ గంటలైనా సార్థకమవుతాయా? అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితాన్ని వెల్లడించారు. ఒక వ్యాసాన్ని కొందరు విద్యార్థులు నాలుగు విడతలు చదివారు. మరి కొందరు ఒక్క విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకొని రాశారు. అయిదు నిమిషాల తరువాత మొదటివారిదే పైచేయి. వారం గడిచాక మాత్రం చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం గుర్తున్నది. పరీక్షకు ముందు రాత్రి పేజీలు తిరగేసేవారికి “అంతా వచ్చేసింది” అనిపించడంలోని మోసం ఇదే.

కాబట్టి ఎనిమిదో వారంలో చేయదగ్గ పనులు పెద్దవేమీ కావు. ఏ సబ్జెక్టు చేజారుతోందో ఒప్పుకొని, ఆ లెక్చరరు దగ్గరకు ఈ వారమే వెళ్లాలి. రోజూ పుస్తకం మూసి, గుర్తున్నంత ఒక కాగితం మీద రాసి చూసుకోవాలి. నిద్రవేళను కూడా తరగతి గంటలాగానే టైంటేబులులో రాసుకోవాలి. దిగులు మనసును వదలకపోతే, కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళ పిలిచినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

తల్లిదండ్రులు చేయగల సాయం ఇంకా తేలిక. “చదువెలా ఉంది?” అంటే “బాగానే ఉంది” అన్న జవాబే వస్తుంది. “ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది?” అని అడిగితే, కష్టం ఉండడం తప్పు కాదని పిల్లలకు ముందుగానే తెలుస్తుంది. పదిహేనో వారంలో బయటపడిన నిజానికి చేయగలిగేది స్వల్పం. ఎనిమిదో వారంలో చెప్పుకుంటే, సరిదిద్దుకోవడానికి ఇంకా సగం సెమిస్టరు చేతిలో ఉంటుంది.