చేని మిగులు – కోడి మేత

నెల్లూరు జిల్లా పడమటి మెట్టయందలి ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో పంట తీసిన పిమ్మట చొప్ప, వేరుసెనగ కట్టె, కంది ఆకు మిగులును. వీనిని గ్రుడ్లు పెట్టు కోళ్ళకు మేపవచ్చునా?

చొప్పలో అధికముగా నుండునది పీచు. పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి జీర్ణము చేయును. కోడికి అట్టి పొట్ట లేదు. పేగు చివరనున్న రెండు తిత్తులలో కొంత పులిసినను, లభించు శక్తి స్వల్పము. పెట్ట దినమునకు సుమారు 110 గ్రాముల మేత తినును. అందు నూటికి 16 నుండి 18 పాళ్ళు మాంసకృత్తులుండవలెను. చొప్పతో పొట్ట నిండునే గాని గ్రుడ్లు తగ్గిపోవును.

ఆకు సంగతి వేరు. నీడన ఆరబెట్టిన ఆకుపొడిని నూటికి 5 పాళ్ళు మించకుండ కలిపినచో, అందలి వర్ణద్రవ్యములు పచ్చసొనకు మంచి రంగునిచ్చును. నూనె తీసిన వేరుసెనగ చెక్కలో మాంసకృత్తులు నూటికి 40 పాళ్ళకు పైగా నుండును. అందు కొరతగా నున్న లైసిన్, మెథియోనిన్‌లను ఎండుచేపల పొడి కొంత తీర్చును.

అయితే పెరికిన కాయ వానకు తడిసి బూజు పట్టిన, అందు అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. 1960లో ఇంగ్లండున ఇట్టి వేరుసెనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. ఉడికించినను ఈ విషము పూర్తిగా పోదు. కనుక కాయను, చెక్కను బాగుగా ఆరబెట్టి నిలువ చేయవలెను. బూజు పట్టినదానిని కోళ్ళకు గాని పశువులకు గాని పెట్టరాదు.