బంద్ దర్వాజా: చప్పుడు వినబడిన రేయి

తెలంగాణపు పల్లెలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చి షోలాపురమున స్థిరపడిన పద్మశాలీల వాడలలో, దుప్పట్లును తువ్వాళ్లును నేయు మరమగ్గముల మ్రోత గోడలను దాటి వచ్చుచుండుటచేత, ఆలుమగలు సైతము గొంతెత్తియే మాటలాడుకొందురు. అట్టి యొక యింట, అద్దెకు తెచ్చిన వీడియోపై, తులసీ రామ్సే, శ్యామ్ రామ్సే సోదరులు 1990లో తీసిన 'బంద్ దర్వాజా'ను చిన్నతనమున నేనును నా మిత్రుడును చూచితిమి. మొన్న నారళీ పూర్ణిమనాడు మార్కండేయుని రథోత్సవము చూచి వచ్చి, మగ్గము లాగియున్న ఆ రాత్రి, దానినే మరల పెట్టుకొని కూర్చుంటిమి.

సంతానము లేని ఠాకూరు భార్య బిడ్డకొరకై ఒక రక్తపిశాచము నాశ్రయించుటతో కథ మొదలగును. నేవ్‌లా అను ఆ పిశాచపు వేషము ధరించిన అజయ్ అగర్వాల్ ఆజానుబాహువు. మాటలు తక్కువ, చూపులే యెక్కువ. ఈ వంశమునకు మూలపురుషుడు 1897లో బ్రామ్ స్టోకర్ నవలలో పుట్టిన డ్రాక్యులా. ఎండ సోకినంతనే పిశాచము నశించునని మన మనుకొందుము గాని, నవలలోని డ్రాక్యులా పట్టపగలే వీథులలో తిరుగును. ఆ నియమమును తెరపై నెలకొల్పినది 1922నాటి జర్మను మూకీచిత్రము 'నోస్ఫెరాటు'. అనుమతి లేకయే కథ వాడుకొన్నారని స్టోకర్ భార్య వ్యాజ్యము వేయగా, ప్రతులన్నిటిని నాశనము చేయవలసినదని న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయినను కొన్ని ప్రతులు మిగిలినవి. పిశాచమునకు చావు సులభమా! 1958లో నటుడు క్రిస్టఫర్ లీ ఎఱ్ఱని కన్నులతో డ్రాక్యులా పాత్రకు రంగులు తెచ్చెను. రామ్సేలది ఆ బాట. మన భేతాళుని సైతము 1870లో రిచర్డ్ బర్టన్ తన ఆంగ్ల గ్రంథనామమున ఈ కులములోనే చేర్చెను. పాపము, చిక్కుప్రశ్నలు వేయుటే గాని భేతాళుడు విక్రమార్కుని మెడ కొఱికి యెరుగడు.

"బావా, వీనిది మన రాత్‌పాళే గదా! పగలంత పెట్టెల పండుడు, పొద్దుగూకంగనే లేసుడు," అని మిత్రుడు పకపక నవ్వెను. రాత్రివంతు పనికి అచ్చటివారి మాట యది. ఇరువదియేండ్లు ఆ పాళిలో నిలిచి, తెగిన పడుగుపోగులను అతికి అతికి కాయలు గాచిన వ్రేళ్లతో అతడు తెర వంక చూపుచు నవ్వుచుండగా, తెరపై తలుపొకటి కిర్రుమన్నది. ఆ తలుపునకు చప్పుడున్నదని యిన్నాళ్లును మే మెరుగము. పిదప అడుగుల సవ్వడి, అటుపై ఊపిరి.

మిత్రుడు నవ్వు మాని లేచిపోయి, మగ్గముల గదికి వేసిన తాళమును ఒకసారి లాగి చూచి వచ్చి, టీవీ ధ్వని తగ్గించెను.