ఎంబీఏ సరే... ఎవరిచ్చే ఎంబీఏ?

‘‘డిగ్రీ చదివి మళ్లీ డిప్లొమా ఏంటమ్మా?’’

బర్కత్‌పుర, నారాయణగూడ వీధుల్లో బీకాం ఆఖరి ఏడాది పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. అమ్మాయి పీజీడీఎం అంటుంది. నాన్నకేమో డిప్లొమా అంటే పాలిటెక్నిక్కే గుర్తొస్తుంది!

తికమక పెద్దవాళ్ల తప్పు కాదు. మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు యూనివర్సిటీలకీ, చట్టం అలా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. అందుకే అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో పుట్టినా, దశాబ్దాల పాటు ఇచ్చింది డిప్లొమానే. 2017లో చేసిన ఐఐఎంల చట్టం 2018 జనవరి 31 నుంచి అమల్లోకొచ్చాకే అవి ఎంబీఏ డిగ్రీ ఇవ్వడం మొదలెట్టాయి. అంతకుముందు ఐఐఎంలో చదివి పెద్ద కంపెనీలు నడిపినవాళ్లంతా డిప్లొమావాళ్లేనన్నమాట. మన గచ్చిబౌలిలో 2001లో మొదలైన ఐఎస్‌బీ సంగతీ అంతే. ఏడాదిలో ముగిసే పీజీపీ కూడా డిగ్రీ కాదు. పైగా అది ఉద్యోగానుభవం ఉన్నవాళ్ల కోసం రూపొందింది. బీకాం అయిన మర్నాడే చేరే కోర్సు కాదు.

అలాగని డిప్లొమాలన్నీ ఒకటేననుకుంటే పప్పులో కాలేసినట్టే. పీజీడీఎం అనగానే ముందు ఏఐసీటీఈ అనుమతి ఉందో లేదో చూడాలి. రేపు పీహెచ్‌డీ చేయాలన్నా, లెక్చరర్‌గా వెళ్లాలన్నా ఎంబీఏతో సమానమని ఏఐయూ గుర్తింపూ కావాలి. అశోక్‌నగర్ కోచింగుల వైపు మనసున్నవాళ్లకి ఇంకో సంగతి... గ్రూప్-1కైనా, సివిల్స్‌కైనా మామూలు డిగ్రీ చాలు. అందుకోసమే ఎంబీఏలో చేరనక్కర్లేదు.

ఇక అసలు చిక్కు డబ్బు దగ్గర. ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో యూనివర్సిటీ అనుబంధ కాలేజీలో సీటు తెచ్చుకుంటే ఫీజు అదుపులో ఉంటుంది. అర్హత ఉంటే రీయింబర్స్‌మెంటూ వస్తుంది. యాజమాన్య కోటాకి రాదు. పరీక్ష రెండున్నర గంటలు, 200 ప్రశ్నలు. పీజీడీఎంకి ఫీజు సంస్థలే పెట్టుకుంటాయి. పేరున్న చోట లక్షల్లోనే. సిలబస్ కూడా సొంతమే కాబట్టి మార్కెట్‌ని బట్టి మార్చుకోవచ్చంటారు. మార్చారా, పదేళ్ల నాటిదే చెబుతున్నారా అన్నది అడిగి తెలుసుకోవాల్సిందే.

బ్రోచర్లో కనిపించే సగటు జీతం చూసి మురిసిపోతుంటారు చాలామంది. ఇద్దరికి ముప్ఫై లక్షలొస్తే చాలు, సగటు అమాంతం పెరిగిపోతుంది! వరసలో సరిగ్గా మధ్యనున్న విద్యార్థికి ఎంతొచ్చిందో, అసలు ఎంతమందికి ఉద్యోగమే రాలేదో అడగాలి. కౌంటర్లో చెప్పకపోతే గేటు బయట టీ బండి దగ్గర సీనియర్లుంటారు. అమ్మాయితో పాటు నాన్న కూడా ఓ పూట సెలవు పెట్టి వెళ్లొచ్చు. బ్యాంకులో విద్యారుణం కాగితాల మీద సంతకం పెట్టేది ఆయనే కదా!