అక్షరం అడగని సీఎంఎస్

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడ్వా పనివాళ్లు ఢోక్రా లోహపు బొమ్మ పోసేటప్పుడు మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, దానిపై మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోట లోహం నిండుతుంది. బొమ్మ బయటికి రావాలంటే మూస పగలాల్సిందే, ఒక మూసకు ఒకే బొమ్మ. తొలినాటి వెబ్ పేజీల సంగతీ ఇంతే. మాట, రంగు, అమరిక అన్నీ కలిసి ఒకే హెచ్‌టీఎంఎల్ ముద్ద. ఒక్క ధర మార్చాలన్నా ఆ ముద్దలో చెయ్యి పెట్టాలి. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే సీఎంఎస్, చేసిన ఉపాయం మూసను ఒక పక్కన, విషయాన్ని మరో పక్కన ఉంచడం. 2001లో మూవబుల్ టైప్, 2003లో వర్డ్‌ప్రెస్ వచ్చాయి. 2004లో మూవబుల్ టైప్ లైసెన్సు షరతులు మార్చేసరికి చాలామంది వర్డ్‌ప్రెస్‌కు మళ్లారు. ఆ పోటీ అక్కడే తేలిపోయింది. సాంకేతికం తెలియనివాళ్లకు ఏ సీఎంఎస్ ఇవ్వాలన్న చర్చ మాత్రం ఇంకా తెరల చుట్టూనే తిరుగుతోంది: ఈ డాష్‌బోర్డ్ తేలికా, ఆ ఎడిటర్ తేలికా అని. నేను కొలిచేది వేరే. చెప్పవలసిన విషయం ఉన్న మనిషి దాన్ని లోకం ముందు పెట్టడానికి కొత్తగా ఎంత నేర్చుకోవాలి? ఈ కొలతకు నిలిచిన సీఎంఎస్ ఒకటి బస్తర్ జనం చేతుల్లో నలిగింది. దానికి తెరే లేదు.

2011 జనాభా లెక్కల్లో బస్తర్ ప్రాంతపు బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం లోపే. అలాంటి చోట ఎంత అందమైన డాష్‌బోర్డయినా మూసిన తలుపే. పోనీ రేడియో అందామంటే, కమ్యూనిటీ రేడియోకు మన దేశంలో సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. ఒకప్పుడు బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలోని బిల్ థీస్ వంటి పరిశోధకుల తోడ్పాటుతో 2010లో ‘సీజీనెట్ స్వర’ మొదలుపెట్టారు. దూరాన బెంగళూరులో సర్వర్. ఊళ్లో మామూలు ఫోన్. ఒకటి నొక్కితే మీ మాట రికార్డవుతుంది, రెండు నొక్కితే ఇతరుల మాట వినిపిస్తుంది. వచ్చిన రికార్డింగును మోడరేటర్లు విని, సరిచూసి, విడుదల చేస్తారు. అది ఫోన్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ చేరుతుంది. రాసేవాడు, దిద్దేవాడు, ప్రచురించే చోటు అన్నీ ఉన్నాయి కదా? సీఎంఎస్‌కు ఇంతకు మించి ఏం కావాలి!

ఇందులో నాకు ముచ్చటైనవి రెండు పనితనాలు. మొదటిది మన మిస్డ్ కాల్. ఫోన్ మోగేలోపే పిలిచినవారి నంబరు సంకేతాల దారిలో అవతలికి చేరిపోతుంది, డబ్బు పడేది మాత్రం ఎత్తిన క్షణం నుంచే. సర్వర్ ఆ నంబరు చూసుకుని, ఎత్తకుండా, తనే తిరిగి పిలుస్తుంది. కూలి డబ్బులు అందలేదని చెప్పుకొనేవాడి జేబులోంచి ఫోన్ ఖర్చు పోదు. రెండోది మీట. ‘ఒకటి’ నొక్కినప్పుడు పుట్టేది ఒక శబ్దం కాదు, జోడు శబ్దాలు: 697 హెర్ట్జ్, 1209 హెర్ట్జ్. ‘రెండు’లో 697 అలాగే ఉంటుంది, జోడీ 1336కు మారుతుంది. అడ్డ వరసకొక స్వరం, నిలువు వరసకొక స్వరం, రెండూ కలిసిన చోటే అంకె. జోడీ ఎందుకంటే, ఒంటి స్వరమైతే మాటల్లోనో ఈలలోనో పొరపాటున దొర్లవచ్చు. మనిషి గొంతులో ప్రతి స్వరం వెంట దాని గుణిజాలు కూడా మోగుతాయి. అందుకే ఒకదాని గుణిజం మరొకటి కాకుండా ఆ పౌనఃపున్యాలను ఏరి పెట్టారు. వినే యంత్రం ఒక్కో గుంపులో సరిగ్గా ఒక్క స్వరమే ఉందా, రెండింటి బలం దగ్గరదగ్గరగా ఉందా అని చూసి గాని నమ్మదు. సెల్‌ఫోన్‌లో మరో మెలిక ఉంది. మాటను కుదించే పద్ధతిలో ఈ స్వరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, జీఎస్‌ఎం ఫోన్ ‘ఈ మీట నొక్కారు’ అన్న కబురు మాత్రమే పంపుతుంది, స్వరాన్ని నెట్‌వర్కే పుట్టిస్తుంది. అడవి అంచున సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండి గొంతు చిరిగినా, ‘ఒకటి’ ఒకటిగానే చేరుతుంది. ఇంత చిక్కూ ఎక్కడో దాక్కుని, వాడేవాడికి మిగిలింది రెండు మీటలే. మంచి సీఎంఎస్ కష్టాన్ని ఇలా మోయగలిగినవాడి నెత్తికి మారుస్తుంది.

దీనికి అడ్డుచెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. గొంతు వరసగా సాగేది. పేజీ మీద చూపు పరుగెత్తినట్టు చెవి పరుగెత్తలేదు. వందో రికార్డింగు కావలసినవాడు ఫోన్‌లో దాన్ని వెతుక్కోలేడు. నిజమే, అందుకే మోడరేటర్లు సారాంశం రాసి వెబ్‌లో పెట్టాల్సి వచ్చింది. వెతికే పని తెర ఉన్నవాడిది, చెప్పే పని గొంతు ఉన్నవాడిది అని పంచుకున్నారు. మరి మోడరేటర్ చేతిలో అంత అధికారమా? ఈ అభ్యంతరం ఇంకా బలమైనది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే, మాట వేదిక ఎక్కాక ఏంచేయాలో చెప్పేది మాట్లాడినవారే. చేతిపంపు పాడైందని చెప్పి, సంబంధిత అధికారి నంబరు కూడా చదివి, వినేవాళ్లందరినీ ఆయనకు ఫోన్ చేయమని అడగడం అక్కడి వాడుక. ఏ ప్లగిన్‌లోనూ లేని మీట అది.

లిపి సంగతి సరేసరి. గోండీ భాషను బస్తర్‌లో దేవనాగరిలో రాస్తారు, మన ఆదిలాబాద్ వైపు తెలుగు అక్షరాల్లో. ఆ భాషకే చెందిన గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో. అక్షరాల సీఎంఎస్ అయితే ఏ లిపి అన్న దగ్గరే ఆగిపోయేది. గొంతుకు ఆ గొడవ లేదు, ఊరూరికీ యాస మారే గొడవ తప్ప. తర్వాత్తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, యాప్‌లు వచ్చాయి. నెట్ అందని ఊళ్ల కోసం, అందే చోట రికార్డింగులు దింపుకొచ్చి ఫోన్ నుంచి ఫోన్‌కు బ్లూటూత్‌తో పంచుకునే పద్ధతీ వచ్చింది. బ్లూటూత్ అన్న మాట పల్లె నోట ‘బుల్టూ’ అయింది, ఆ పద్ధతికి పేరు బుల్టూ రేడియో.