తెల్లబోయిన తెర

ఒక్క అప్‌డేట్‌తో వెబ్‌సైట్ కుప్పకూలినా లోపలి సమాచారం సాధారణంగా భద్రమే. తప్పెక్కడో కంప్యూటరే చెబుతుంది. కావలసిందల్లా దాన్ని చదివే ఓపిక.

దసరా అమ్మకాలు ఊపందుకునే వేళ. చీరల దుకాణం యజమాని తన వెబ్‌సైట్‌లో ‘అప్‌డేట్’ అన్న చోట క్లిక్ చేస్తాడు. అంతే. బొమ్మలు లేవు, ధరలు లేవు, ఆర్డర్లు తీసుకునే పేజీ లేదు. మిగిలింది తెల్ల తెర, లేదంటే సైట్‌లో తీవ్ర దోషం తలెత్తిందన్న ముక్తసరి మాట. సరిచేద్దామంటే అడ్మిన్ పేజీ కూడా తెరుచుకోదు. సైట్ తయారుచేసిన కుర్రాడు ఎప్పుడో ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. చిన్న వ్యాపారులకు, స్థానిక పత్రికలకు ఇది కొత్త అనుభవమేమీ కాదు.

2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్ మీద నేడు ప్రపంచంలోని 40 శాతానికి పైగా వెబ్‌సైట్లు నడుస్తున్నాయి. ఉచితం, వాడకం సులువు. పైగా వేలాది మంది రాసిన ప్లగిన్లను తగిలించుకోవచ్చు. బలమూ అదే, బలహీనతా అదే. ఎవరెవరో రాసిన ఈ కోడ్ అంతా ఒకే గొలుసులా నడుస్తుంది. ఒక్క లంకె తెగితే మొత్తం ఆగిపోతుంది.

వర్డ్‌ప్రెస్‌కు ఆధారం రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ భాష. చిన్న పొరపాట్లయితే అది హెచ్చరించి ముందుకు సాగిపోతుంది. అసలు లేని ఫంక్షన్‌ను పిలిచినా, కేటాయించిన మెమరీ అయిపోయినా అక్కడే చేతులెత్తేస్తుంది. దాన్నే ‘ఫేటల్ ఎర్రర్’ అంటారు.

యజమాని ఏమీ ముట్టుకోకపోయినా ఈ ముప్పు తప్పదు. 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7, డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను తీసేసింది. 2020 నవంబర్‌లో వచ్చిన 8.0 మరికొన్నింటిని సాగనంపింది. హోస్టింగ్ కంపెనీ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజున, ఏళ్లుగా పట్టించుకోని ప్లగిన్ కూలిపోతుంది.

ఊరటనిచ్చే సంగతేమిటంటే, కథనాలు, ధరలు, ఆర్డర్ల వివరాలు ఉండేది డేటాబేస్‌లో. కోడ్ ఆగిపోయినంత మాత్రాన అవి చెరిగిపోవు. అందుకే కంగారులో ఏదీ తొలగించకూడదు. కొన్ని ప్లగిన్లను డిలీట్ చేస్తే వాటి సమాచారమూ పోతుంది.

మొదట చూడాల్సింది ఈమెయిల్. 2019 మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి, ఇలాంటి దోషం తలెత్తితే అడ్మిన్ చిరునామాకు ఓ లింకు వస్తుంది. దాని ద్వారా వెళ్తే తప్పు చేసిన ప్లగిన్‌ను పక్కనపెట్టి లోపలికి రానిస్తుంది. చిక్కల్లా ఆ చిరునామా వెళ్లిపోయిన కుర్రాడిదైతేనే.

అప్పుడు హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన ఫైల్ మేనేజర్ దిక్కు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో డీబగ్ సదుపాయాన్ని ఆన్ చేసి, దోషాలు తెర మీద కాకుండా లాగ్ ఫైల్‌లో పడేలా చూడాలి. తెర మీద చూపిస్తే సర్వర్ గుట్టు అపరిచితులకూ తెలుస్తుంది. లాగ్‌లోని వాక్యం ఏ ఫోల్డర్, ఏ ఫైల్, ఎన్నో లైన్ అన్నది స్పష్టంగా చెబుతుంది. ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు కాస్త మారిస్తే చాలు. వర్డ్‌ప్రెస్ దాన్ని వదిలేసి మిగతా సైట్‌ను నడిపిస్తుంది. సర్వర్ వెర్షన్ మారడమే కారణమైతే, సరిచేసిన ప్లగిన్ వచ్చేదాకా తాత్కాలికంగా పాత వెర్షన్‌కు వెళ్లడం మరో దారి.

అయితే లాగ్ చెప్పేది కాలు జారిన చోటు మాత్రమే. గుంత తవ్వింది మరొకరు కావచ్చు. ఒక ప్లగిన్ తీసేసిన ఫంక్షన్‌ను ఇంకోటి పిలిచినప్పుడు నింద పడేది పిలిచినదాని మీదే. చివరిసారి ఏం మార్చామన్నది గుర్తుచేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

అసలు జాగ్రత్త అంతకు ముందే పడాలి. అప్‌డేట్‌కు ముందు బ్యాకప్, వీలైతే నకలు సైట్‌లో పరీక్ష, అడ్మిన్ ఈమెయిల్, పాస్‌వర్డ్‌లు యజమాని చేతిలో. దుకాణం తాళంచెవి పనివాడి జేబులో వదిలేసే వ్యాపారి ఉండడు. వెబ్‌సైట్ కూడా దుకాణమే.