వంటింటి గడపలో చిన్న కుక్క

మన పెద్దల కాలమున కుక్క వీధి యరుగు క్రింద నుండెడిది. ఇంటిల్లిపాదియు భోజనము చేసిన పిమ్మట మిగిలిన గంజియో, చద్దియన్నమో దానికి తొట్టిలో పోసెడివారు. రాత్రి మొఱుగుటయు, పగలు నీడ చూచుకొని నిద్రించుటయు తప్ప ఇంటిలోనికి వచ్చుట అది యెఱుగదు. ఇప్పుడట్లు కాదు. పట్టణములలోనే గాక పెద్ద పల్లెలలో సయితము పమేరియనులు, పగ్గులు, షిట్జూలు మన చాపలమీదనే కూర్చుండుచున్నవి. పిల్లలతో మంచముమీదనే పరుండుచున్నవి. మనము కూర తఱుగునపుడు కత్తిపీట యెదుటను, భోజనము చేయునపుడు కంచము ప్రక్కను చేరి, మొగము పైకెత్తి మన చేతినే చూచుచున్నవి. ఆ చూపునకు కరగని యిల్లాలు అరుదు. మేమును కరగినవారమే.

కావున ఇతరుల తప్పు లెన్నుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. మాయింట జరిగినదానిని ముందు చెప్పి, పిదప దానివలన మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవింతుము.

మాయింట చిట్టి యను పమేరియను కుక్క యున్నది. దాని బరువు మూడున్నర కిలోలు. ఒక కార్తికమాసమున సత్యనారాయణవ్రతము చేసికొని, రవ్వప్రసాదములో నేయి, జీడిపప్పులతో పాటు ఎండుద్రాక్ష దండిగా వేసితిమి. మా పిల్లలకు ద్రాక్ష గిట్టదు. వారు ప్రసాదములోనుండి ఏరి యేరి, ఒక్కొక్కటిగా చిట్టి నోటిలో వేసిరి. అది తోక యాడించుచు తినెను. మేము చూచితిమి; చూచి నవ్వితిమి కూడ. అత్తగారు "నోరులేని జీవి, స్వామి ప్రసాదము తిననియ్యమ్మా" అనిరి. ఆ రాత్రి చిట్టి రెండుమారులు వాంతి చేసికొనెను. నేయి యెక్కువైనది కాబోలునని తలచితిమి. మఱునాడు అన్నము ముట్టలేదు. పడకటింటిలో మంచము క్రిందికి పోయి ముడుచుకొని పరుండెను. పేరు పెట్టి పిలిచిన చెవి కదల్చెనేగాని బయటికి రాలేదు. మూడవనాటికి మూత్రము విడుచుట దాదాపుగా మానినది.

అప్పుడు గాని పశువైద్యునియొద్దకు ఎత్తుకొని పోలేదు. ఆయన "ఏమి పెట్టినారమ్మా?" అని యడిగిరి. "చెడ్డది ఏమియు పెట్టలేదండీ, దేవుని ప్రసాదమే" అంటిమి. "అందులో ఎండుద్రాక్ష వేసినారా?" అని ఆయన రెండవ ప్రశ్న. ఆ మాట విన్నపుడు మాకు వింతగా తోచినదే కాని భయము కలుగలేదు. రక్తము పరీక్షించి మూత్రపిండములు దెబ్బతిన్నవని చెప్పినపుడు కలిగినది. నాలుగు దినములు ముంగాలి నరమునకు సెలైను ఎక్కించిరి. మా చిన్నవాడు ఆ నాలుగు దినములును బడినుండి తిన్నగా వైద్యశాలకే వచ్చి, "నేను పెట్టినవి ఎన్ని? అక్క పెట్టినవి ఎన్ని?" అని లెక్క వేసికొనుచుండెను. చిట్టి బ్రదికినది. మొదటినాడే తెచ్చియున్నచో ఇంత కష్టము లేకపోవునని వైద్యుడు చెప్పినమాట మాత్రము మాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచునే యున్నది.

ద్రాక్ష కుక్కలకు విషమను సంగతి వైద్యులకైనను చిరకాలముగా తెలిసినది కాదు. అమెరికాలో జంతువుల విషచికిత్సకై ఏర్పడిన యొక కేంద్రమువారు, ద్రాక్షపండ్లో ఎండుద్రాక్షయో తిన్న కుక్కలకు మూత్రపిండములు చెడుచున్నవని 2001లో ప్రకటించిరి. కారణమేమో మాత్రము తేలలేదు. బూజు కావచ్చునని కొందఱు, పురుగుమందు కావచ్చునని కొందఱు తలపోసిరి. ఇరువది యేండ్లకు, అనగా 2021లో, దోషము ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లముదని ఆ దేశపు వైద్యులే సూచించిరి. వారికి ఈ యూహ కలిగిన విధము చూడుడు. పిల్లలు ఆడుకొనుటకు ఇంట కలుపుకొను పిండిముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అను పొడి వేయుట అక్కడ వాడుక. ఆ పిండిని తిన్న కుక్కకును ద్రాక్ష తిన్న కుక్కకువలెనే మూత్రపిండములు చెడినవట. ఆ రెంటను ఉన్నది ఆ యామ్లమే.

ఇంతవఱకు విని, మనయింట ద్రాక్ష ఎప్పుడో పండుగకు గాని రాదుగదా యని ఊరట చెందవలదు. మన చింతపండు పులుపునకు మూలము కూడ ఈ టార్టారిక్ ఆమ్లమే. 2022లో వెలువడిన వైద్యవ్యాసములో చింతపండు తిని అట్టి జబ్బే పడిన కుక్కల వృత్తాంతము చేర్చబడినది. తెలుగువారి యింట చింతపండు లేని పూట ఏది? ఒక్క మెతుకు చారన్నము నాకినంతనే ప్రాణము పోవునని మేము చెప్పుట లేదు. కాని పులిహోర కలిపిన పళ్లెము కుక్కకు నాకనిచ్చుట, పిసికి పారవేసిన చింతపిప్పి దానికి అందునట్లు వదలుట, పులుసన్నము నిత్యాహారముగా పెట్టుట మా యింట నాటితో ఆగిపోయినవి. ఇంత తింటే ముప్పు, ఇంతకు లోపల క్షేమము అని గీత గీయుటకు వీలు లేదు. ఒక కుక్క గుప్పెడు తిని చెక్కుచెదరక తిరుగును. మఱియొకటి కొద్దిపాటికే పడిపోవును.

మా అత్తగారు ఒక ప్రశ్న వేసిరి. అది ప్రతి యింటను పెద్దలు వేయు ప్రశ్నయే. "మా పుట్టింట కుక్క పన్నెండేండ్లు బ్రదికినది. సాంబారన్నము తిన్నది, పచ్చడన్నము తిన్నది. దానికి లేని జబ్బులు దీనికెట్లు వచ్చినవి?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. మా సమాధానము రెండు విధములు. వీధులలో పెరిగిన ఊరకుక్క పదునైదు ఇరువది కిలోలు తూగును. మూడు కిలోల కుక్కకు మనము పెట్టిన ముద్ద, అఱువది కిలోల మనకు ఇరువది ముద్దలతో సమానము. ఒక లడ్డు పెట్టితిమనగా మనము ఒక్క బిగిని ఇరువది లడ్లు తిన్నట్లే. ఇక రెండవది: పన్నెండేండ్లు బ్రదికిన కుక్కను అందఱును తలచుకొందురు. మూడేండ్లకే ఏ గోడప్రక్కనో చచ్చిన కుక్క ఏమి తిని చచ్చెనో విచారించినవా రెవరు?

చింతపండుకంటెను నిత్యము వాడునది ఉల్లి. ఉల్లియు వెల్లుల్లియు కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచును. వానిలోని గంధకము గల పదార్థములు ఆ కణములను పెళుసుబాఱజేయగా అవి పగిలిపోవును. కుక్కకు రక్తము చాలకపోవును. వేయించినను, ఉడికించినను, ఎండబెట్టి పొడి కొట్టినను ఈ గుణము పోదు. పొడిలో బరువునకు మించిన విషముండును. వెల్లుల్లి ఉల్లికంటెను తీవ్రమైనది. కుక్క తన బరువులో నూటికి అర వంతునకు మించి ఉల్లి ఒక్కసారి తిన్నచో ప్రమాదమని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. మూడు కిలోల కుక్కకు అది పదునైదు గ్రాములు. నడితరపు ఉల్లిగడ్డలో ఆఱవవంతో, ఏడవవంతో. దినమునకు కొంచెము కొంచెముగా పడినను కీడు కూడుకొనును. ఇందు మోసమేమనగా, తిన్ననాడు కుక్క హాయిగానే యుండును. నాలుగైదు దినములకు గాని నీరసము తెలియదు. చిగుళ్లు పాలిపోవును, మూత్రము కాఫీరంగునకు తిరుగును. అప్పటికి ఆదివారమునాటి కూరపులుసు ఎవరికి జ్ఞాపకముండును? కుక్కకు మాంసము పెట్టుచున్నామను వారు సయితము, ముక్కలు కడిగి పెట్టినను ఉల్లిరసము వానిలో ఇంకియే యుండునని గ్రహింపవలయును.

చాక్లెట్ సంగతి చాలమంది వినియే యుందురు. అందలి థియోబ్రొమీను మన దేహమునుండి త్వరగా పోవును. కుక్క దేహమునుండి సగము పోవుటకే పదునేడు గంటలకు పైగా పట్టును. కిలో బరువునకు ఇరువది మిల్లీగ్రాములు చేరినచో వాంతి, ఆయాసము, నిలుకడలేమి మొదలగును. అంతకు రెండింతలైన గుండె లయ తప్పును. మూడింతలైన మూర్ఛలు వచ్చును. మూడు కిలోల కుక్కకు నల్లని చాక్లెట్ సుమారు పండ్రెండు గ్రాములు, పాల చాక్లెట్ సుమారు ముప్పది గ్రాములు ఆ మొదటి మెట్టున కెక్కించును. కేకులో కలుపు కోకోపొడియైనచో చిన్న చెంచాడే చాలును. పిల్లల పుట్టినరోజున బల్ల అంచున వదలిన కేకుముక్క ఎంతటిదో ఊహించుకొనుడు. కాఫీపొడి, తేయాకు పిప్పి కూడ ఈ జాతివే. చెత్తబుట్టకు మూత యుండుట మంచిది.

ఈ వ్యాసము చదువుచున్నవారిలో మధుమేహము గల పెద్దలున్న యిండ్లవారు అనేకులుందురు. వారు ఈ భాగము శ్రద్ధతో చదువవలెనని మా కోరిక. చక్కెరకు మాఱుగా వాడు తీపి పొడులలో జైలిటాల్ అనునది యొకటి. చక్కెర లేని చూయింగ్ గమ్ములలోను, కొన్ని బిస్కత్తులలోను, పళ్లపేస్టులలోను, వేరుశనగ వెన్నలలోను దీనిని కలుపుదురు. మనుష్యులకు హానిలేనిది, కుక్కకు మాత్రము ఇది కడుపులో పడగనే ఇన్సులిను పొంగి, రక్తములోని చక్కెర పడిపోవును. అర గంటకో గంటకో తూలిపోవును, వణకును, మూర్ఛిల్లును. కిలోకు పదవవంతు గ్రాము చేరినను ఈ యాపద కలదు; అర గ్రామునకు మించినచో కాలేయము చెడును. చిన్న కుక్కకు గమ్ము బిళ్లలు ఒకటి రెండే మృత్యువు కావచ్చును. పొట్లముమీద జైలిటాల్ అనియో, 967 అను అంకెయో యున్నచో దానిని మందులతో పాటు పై అరలో నుంచుడు.

మిగిలినవి త్వరగా చెప్పుదుము. ఉడికిన కోడియెముకలు సూదులవలె చీలి పేగులో గ్రుచ్చుకొనును. మామిడిటెంక, మొక్కజొన్న కండె చిన్న పేగునకు అడ్డుపడి శస్త్రచికిత్సకు తెచ్చును. నేయి, వేపుడు, మాంసపు క్రొవ్వు క్లోమమునకు వాపు తెచ్చును. నొప్పికి కుక్క ముంగాళ్లు నేలకానించి వెనుకభాగము ఎత్తి నిలుచును. ఊరగాయలోని ఉప్పు చిన్నదానికి ఎక్కువ. పాలు విషము కాదుగాని, తల్లిపాలు మానిన కుక్కకు పాలచక్కెర సరిగా జీర్ణము కాదు, విరేచనములగును; పెరుగు కొంచెము నయము.

మఱి ఏమి పెట్టవలయునని యడుగుదురు. మెత్తగా వండిన వట్టి అన్నము, ఉప్పు కారములు లేక ఉడికించి యెముకలు తీసిన కోడిమాంసము, ఉడికిన గ్రుడ్డు, ఉడికించిన క్యారెట్టు, గుమ్మడి—ఇవి చాలవఱకు సరిపడును. వీనిమీదనే సంవత్సరముల తరబడి ఆధారపడుటకు వీలులేదు. వైద్యుని యడిగి తగిన మేత ఏర్పఱుపవలయును. శాకాహారుల యిండ్లలో ఇది మఱింత ముఖ్యము.

పొరపాటున తిన్నచో ఉప్పునీళ్లు పట్టించి కక్కింపవలదు. ఈ పాతవైద్యము మాయింటి పనిమనిషియే కాదు, చదువుకొన్న పొరుగువారు కూడ చెప్పినారు. ఉప్పే కుక్క ప్రాణమునకు తెచ్చుటయు కలదు. తిన్న గంట రెండు గంటలలోపల వైద్యుడు సూదిమందుతో సురక్షితముగా కక్కించగలడు; అందుచేత "చూతము, రేపటికి సర్దుకొనును" అను మాటయే అన్నిటికంటె కీడు. తిన్నదాని పొట్లము, మిగిలిన ముక్క వెంట తీసికొనిపొండు. ఎంత తిన్నది, ఎన్ని గంటలకు తిన్నది, కుక్క బరువెంత అను మూడింటిని ఆయన తప్పక యడుగును.

మాయింట ఇప్పుడు కుక్కర్ దించగనే, పోపు పెట్టుటకు ముందే, చిట్టి అన్నము ఒక చిన్న గిన్నెలో వేఱుగా తీసియుంచుచున్నాము. బరువు ప్రతి నెల మొదటి తేదీని మా చిన్నవాడు గోడమీది క్యాలెండరులో వ్రాయును. మొన్నటి వ్రతమునకు ప్రసాదములో ఎండుద్రాక్ష మానలేదు. పిల్లలు తినకపోయినను పెద్దలు తిందురు. కాని కథ ముగియకముందే అత్తగారు లేచి, చిట్టిని ఎత్తుకొని పెరటి గదిలో విడిచి, గడియ వేసి వచ్చి కూర్చుండిరి. పేరంటాండ్రలో ఒకరు "పాపము, దానికి కొంచెము ప్రసాదమైనను పెట్టరాదా?" అనిరి. అత్తగారు ఆమెకు కాఫీ యిచ్చి, మొదటినుండి కథయంతయు చెప్పిరి.