మారిషస్ దీవిలో జిల్లా పరిపాలనము

హిందూమహాసముద్రమున, ఆఫ్రికా ఖండమునకు తూర్పున, మారిషస్ అను చిన్న ద్వీపదేశము గలదు. పూర్వము చెఱకు తోటలలో పనిచేయుటకై తెలుగువారనేకులు ఓడలెక్కి అచ్చటికి వెడలిరి. కోరంగి రేవు పేరును బట్టి వారిని అచ్చట కోరంగీలనిరి. వారి సంతతివారు నేటికిని ఆ దేశమున పౌరులై ఓటు వేయుచున్నారు. కావున అచ్చటి స్థానిక పరిపాలనము మనము తెలిసికొనదగినది.

ఆ దీవిలో 9 జిల్లాలు గలవు. పోర్ట్ లూయీ నగరమునకును, మఱి 4 పట్టణములకును పురపాలక సంఘములున్నవి. పోర్ట్ లూయీ పురపాలక సంఘము 1850 నాటిది. పల్లెసీమలైన పాంప్లెమూస్, రివియేర్ ద్యు రాంపార్, ఫ్లాక్, మోకా, గ్రాన్ పోర్, సవాన్, బ్లాక్ రివర్ అను 7 జిల్లాలకు జిల్లా సంఘములు గలవు. వీని యధికారములను 2011 నాటి చట్టము నిర్ణయించుచున్నది.

జిల్లా సంఘ సభ్యులను ప్రజలు నేరుగా నెన్నుకొనరు. ప్రతి గ్రామమువారును తమ గ్రామసంఘమునకు 9 మంది సభ్యుల నెన్నుకొందురు. ఆ గ్రామసంఘము తనలో నొకరిని జిల్లా సంఘమునకు పంపును. అట్లు చేరినవారు తమలో నొకరిని అధ్యక్షునిగా నెన్నుకొందురు. అభ్యర్థుల జట్టులో స్త్రీలుగాని పురుషులుగాని మూడింట రెండు వంతులకు మించరాదని చట్టము చెప్పుచున్నది.

చెత్త నెత్తించుట, వీథిదీపములు పెట్టించుట, చిన్న బాటలను, మురుగుకాలువలను బాగుచేయించుట, సంతలను, ఆటస్థలములను నడపుట, ఇండ్లు కట్టుటకు అనుమతి నిచ్చుట జిల్లా సంఘముల పనులు. అయితే వీని రాబడి స్వల్పము. వర్తకుల రుసుములు, అనుమతి రుసుములు చాలవు. ప్రభుత్వమిచ్చు ధనమే వీనికి ప్రధానాధారము. ధనమిచ్చు చేతికి మాట చెల్లుట లోకసహజము గదా!

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి గలదు. గ్రామసంఘముల ఎన్నికలు 2012లో జరిగిన పిదప 2020 వఱకు జరుగలేదు. పురపాలక ఎన్నికలు 2015 తరువాత 2025లోగాని జరుగలేదు. గడువు తీరినను, చట్టమును సవరించి పాత సభ్యులనే కొనసాగించిరి. 2015లో పదునెనిమిదేండ్లు నిండిన పట్టణపు యువకుడు తరువాతి పురపాలక ఎన్నిక వచ్చుసరికి ఇరువదియెనిమిదేండ్లవాడయ్యెను!

విద్యార్థులారా! తరగతి నాయకుని ఒకమాఱు ఎన్నుకొని, మరల ఎన్నిక జరుపకున్నచో, ఆతడు మనకు జవాబుదారిగా నుండునా? వీథిదీపము వెలుగుటకు నూనెయో విద్యుత్తో వలయును. స్థానిక స్వపరిపాలనము వెలుగుటకు సకాలమున జరుగు ఎన్నిక వలయును.